సముద్రం లేని దామగుండంలో నేవీకి ఏం పని?

ఊరికెళ్లిన ప్రతిసారీ మా మేనమామ అడుగుతాడు. "సముద్రమేమో ఆడ విశాఖపట్నంల ఉండె. ఈ నేవీవాళ్లకు మన దామగుండం అడివిల ఏం పనిరా?" ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. వికారాబాద్, పరిగి, పూడూరు చుట్టుపక్కల చాలామందికి ఉంది. కానీ తెలుగులో తీరిగ్గా జవాబు చెప్పినవాళ్లు పెద్దగా కనిపించలేదు. టీవీ చర్చల్లో ఒకరు దేశభద్రత అంటారు, ఇంకొకరు అడవి అంటారు, అసలు అక్కడ కట్టేదేమిటో, అది ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలిసి వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండంలో నేవీ స్టేషన్‌కు శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల రిజర్వ్ ఫారెస్ట్, దాదాపు 3,200 కోట్ల ఖర్చు. చాలాచోట్ల దీన్ని రాడార్ స్టేషన్ అని రాశారు, జనం కూడా అలాగే అంటున్నారు. కానీ శత్రువుల విమానాల్నో ఓడల్నో వెతికే యంత్రం కాదిది. కొందరు భయపడుతున్నట్టు అణు రియాక్టర్ అసలే కాదు, అక్కడ యురేనియంతో ఏ పనీ ఉండదు. ఇది ఒక రేడియో ట్రాన్స్‌మిటర్. వీఎల్ఎఫ్ అనే అతి తక్కువ ఫ్రీక్వెన్సీలో, నీళ్లకింద దాక్కున్న జలాంతర్గాములకు మాట చేరవేయడానికి కడుతున్నది.

దాక్కున్నవాళ్లకు మాట చేరవేయడానికి ఇంత తతంగం ఎందుకో తెలియాలంటే ముందు వాళ్లు ఎందుకు దాక్కుంటారో తెలియాలి. దానికి విశాఖ దాకా వెళ్లాలి.

2009 జూలై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజు, విశాఖలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ సతీమణి గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి ఒక జలాంతర్గామిని నీళ్లలోకి దించారు. అదే అరిహంత్. దాదాపు 6,000 టన్నులు, 110 మీటర్లకు పైగా పొడవు, కడుపులో 83 మెగావాట్ల చిన్న అణు రియాక్టర్. ఆ రియాక్టర్ నమూనాను ముందుగా కల్పాక్కంలో నేల మీదే కట్టి ఏళ్ల తరబడి నడిపి చూశారు. నీళ్లలోకి దిగిన పడవలో రియాక్టర్ మొదలైంది 2013 ఆగస్టులో, సముద్రంలో పరీక్షలకు వెళ్లింది 2014 డిసెంబర్‌లో, నౌకాదళంలో చేరింది 2016లో, అదీ పండగా పబ్బం లేకుండా. 2018 నవంబర్ 5న అరిహంత్ తన తొలి గస్తీ ముగించుకుని వచ్చిందని ప్రధాని మోదీ ప్రకటించేదాకా దాని గురించి అధికారికంగా తెలిసింది చాలా తక్కువ. 2024 ఆగస్టు 29న దాని తోబుట్టువు అరిఘాత్ కూడా విశాఖలోనే నౌకాదళంలో చేరింది. విశాఖకు దక్షిణంగా, అనకాపల్లి జిల్లా రాంబిల్లి దగ్గర వీటికోసం ప్రత్యేకంగా ఒక స్థావరం కడుతున్నారు. అక్కడి మత్స్యకారుల కష్టం వేరే పోస్టుకు సరిపడా ఉంది, దాన్ని ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చేయడం నాకిష్టం లేదు.

ఆర్కే బీచ్‌లో కుర్సురా చూసినవాళ్లు చాలామందే ఉంటారు. అది డీజిల్ సబ్‌మెరైన్. నీళ్లకింద బ్యాటరీల మీద నడుస్తుంది. బ్యాటరీలు అయిపోతే పైకి రావాలి, లేదా కనీసం గాలి పీల్చే గొట్టం పైకి పెట్టాలి. ఎందుకంటే డీజిల్ ఇంజిన్‌కు గాలి కావాలి. ఆ గొట్టం పైకొచ్చిన కాసేపట్లోనే శత్రు విమానానికి దొరికిపోయే ప్రమాదం ఉంటుంది. అణు రియాక్టర్‌కు గాలితో పనిలేదు. సముద్రపు నీటి నుంచే మంచినీళ్లు తీసుకుంటారు, ఆ నీటిని కరెంటుతో విడగొట్టి ఆక్సిజన్ తీసుకుంటారు. లోపలి మనుషులకు తిండి ఉన్నన్నాళ్లు, వాళ్ల మనసులు తట్టుకున్నన్నాళ్లు అది కిందే ఉండొచ్చు. వారాలు, నెలలు.

ఈ దాక్కునే గుణమే మన దేశానికి అవసరం. 2003 జనవరి 4న ప్రకటించిన అణు విధానంలో మనం ఒక మాట ఇచ్చాం: అణ్వాయుధాన్ని మేం ముందుగా వాడం, మా మీద వాడితే మాత్రం భరించలేనంతగా తిప్పికొడతాం. మొదటి సగం చెప్పడం తేలిక. రెండో సగం నిలబడాలంటే, శత్రువు మొదటి దెబ్బ కొట్టాక కూడా మన దగ్గర తిప్పికొట్టడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి. విమానాశ్రయాలు ఉపగ్రహాలకు కనిపిస్తాయి. క్షిపణుల స్థావరాల్నీ నిఘా పెట్టి వెతకొచ్చు. బంగాళాఖాతంలో నీళ్లకింద ఎక్కడో మెల్లగా కదులుతున్న పడవను మాత్రం పట్టుకోవడం చాలా కష్టం. దాన్ని పట్టుకోలేమని శత్రువుకు తెలిస్తే మొదటి దెబ్బతో పని ముగించేద్దామన్న ఆలోచనే రాదు. అణు నిరోధం అని పెద్ద పేరు పెట్టిన దాని సారం ఇంతే. ఈ పడవ క్షిపణి వదిలే రోజు వచ్చిందంటే అది చెయ్యాల్సిన అసలు పని చెయ్యలేకపోయినట్టే.

క్షిపణుల సంగతి త్వరగా చెప్పేస్తాను, దాని మీద ఇంటర్నెట్‌లో కావలసినంత ఉంది. మొదట అమర్చిన కే-15 పరిధి 750 కిలోమీటర్లు, అంటే విశాఖ నుంచి కోల్‌కతా అంత దూరం. దానితో దూరాన ఉన్న శత్రువును భయపెట్టాలంటే వాళ్ల తీరం దాకా వెళ్లాలి, అది దాక్కునే పని కాదు. తర్వాత వచ్చిన కే-4 పరిధి 3,500 కిలోమీటర్లు. దాన్ని 2024 నవంబర్‌లో అరిఘాత్ నుంచి పరీక్షించారు. దీనివల్ల పడవ మన సముద్రంలోనే, మన ఓడలు విమానాలు కాపలా కాసే చోటే ఉండొచ్చు. అసలు లాభం అదే.

ఎంత బాగా దాక్కుంటాయో తెలియడానికి ఒక సంఘటన చాలు. 2009 ఫిబ్రవరిలో బ్రిటన్‌కు చెందిన వాన్‌గార్డ్, ఫ్రాన్స్‌కు చెందిన ల త్రియోంఫాం అనే రెండు అణు క్షిపణి జలాంతర్గాములు అట్లాంటిక్ మహాసముద్రంలో నీళ్లకింద ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. రెండూ మిత్రదేశాలవే, రెండింట్లోనూ నీళ్లకింద చప్పుడును బట్టి ఎదుటివాటిని పసిగట్టే సోనార్లు, ప్రపంచంలోకెల్లా మంచివి, ఉన్నాయి. అంత పెద్ద సముద్రంలో ఎదురుపడి గీసుకునేదాకా ఒకదాని ఉనికి ఇంకొకదానికి తెలియలేదు. అదృష్టం బాగుండి ఎవరూ చనిపోలేదు.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. అంత బాగా దాక్కున్నవాడికి మాట ఎలా చెప్పాలి? ఢిల్లీలో ప్రధాని నాయకత్వంలోని రాజకీయ మండలి తప్ప అణ్వాయుధాన్ని వాడమనే అధికారం మన దేశంలో ఇంకెవరికీ లేదు. ఆ మాట నీళ్లకింద ఉన్నవాళ్లకు చేరాలి. దానికన్నా ముఖ్యం, "ఏమీ జరగలేదు, అంతా బాగానే ఉంది" అన్న మాట రోజూ చేరుతూ ఉండాలి. వాడమన్న ఆదేశం గురించి సినిమాల్లో చూపిస్తారు గానీ, నన్నడిగితే ఈ రెండో మాటే పెద్దది.

ఎందుకంటే బయటి మాట చేరని జలాంతర్గామి ఎంత ప్రమాదమో 1962లో ప్రపంచం చూసింది, నిజానికి చూసిందని కూడా చెప్పలేం, దశాబ్దాల తర్వాత గానీ బయటపడలేదు. క్యూబాలో పెట్టిన సోవియట్ అణు క్షిపణుల గురించి అమెరికా, సోవియట్ యూనియన్ యుద్ధం అంచుదాకా వచ్చిన క్యూబా సంక్షోభం రోజులు, అక్టోబర్ 27. సోవియట్ జలాంతర్గామి బి-59 క్యూబా దగ్గర నీళ్లకింద చిక్కుకుపోయింది. పైన అమెరికన్ యుద్ధనౌకలు, పైకి రమ్మని చిన్న చిన్న పేలుడు గుళ్లు వేస్తున్నాయి. లోపలివాళ్లకు అవి హెచ్చరికలో దాడో తెలియదు. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, ఏసీలు పనిచేయడం లేదు, కొన్ని గదుల్లో వేడి 45 డిగ్రీలు దాటింది, మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారు. మాస్కోతో మాట లేదు. పైన యుద్ధం మొదలైపోయిందేమో, మనకే తెలియడం లేదేమో అన్న అనుమానం. ఆ పడవలో ఒక అణు టార్పెడో ఉంది. కెప్టెన్ సవిత్స్కీ దాన్ని సిద్ధం చెయ్యమన్నాడని, అదే పడవలో ఉన్న సీనియర్ అధికారి వసీలీ అర్ఖిపోవ్ ఆయన్ను శాంతింపజేసి, పైకి తేలడానికి ఒప్పించాడని అందులోనే పనిచేసిన ఓర్లోవ్ అనే అధికారి తర్వాత చెప్పాడు. పడవ పైకి తేలింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

బి-59ని, మన ఆర్కే బీచ్‌లోని కుర్సురాను ఇంచుమించు ఒకే డిజైన్ మీద కట్టారు. రెండూ ఫాక్స్‌ట్రాట్ తరగతివే. ఈసారి విశాఖ వెళ్తే, ఆ ఇరుకు దారిలో తల వంచుకుని నడుస్తున్నప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. అలాంటి గదిలో, ఆ వేడిలో, బయట ఏం జరుగుతోందో తెలియకుండా అర్ఖిపోవ్ వద్దన్నాడు. నాకు ఆ సంగతి తెలిసిన తర్వాత కుర్సురా అంటే పిల్లల్ని తిప్పే చోటులా అనిపించడం మానేసింది.

మన విషయంలో దీనికి ఇంకో బరువు తోడైంది. నేల మీద బాంబును, క్షిపణిని విడివిడిగా ఉంచడం మన పద్ధతని, ఒకరి తొందరపాటుతో ఏమీ కాకుండా అదొక జాగ్రత్త అని నిపుణులు ఏళ్లుగా రాస్తూ వచ్చారు. జలాంతర్గామిలో అలా కుదరదు. గస్తీకి వెళ్లేటప్పుడే అన్నీ అందులోనే ఉండాలి, మధ్య సముద్రంలో తెచ్చి బిగించేది ఏమీ ఉండదు. కాబట్టి పడవలో ఉన్న అధికారికి, ఢిల్లీకి మధ్య మాట తెగకూడదు.

మరి సెల్‌ఫోన్ ఉంది, శాటిలైట్ ఉంది, వాటితో చెప్పొచ్చు కదా అంటే ఉప్పునీళ్లు ఒప్పుకోవు. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది, అందుకే రేడియో తరంగాన్ని అది మింగేస్తుంది. ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే అంత త్వరగా మింగేస్తుంది. మన ఎఫ్ఎం రేడియో తరంగం సముద్రపు నీటిలో రెండున్నర సెంటీమీటర్లు దిగేసరికే బలంలో మూడింట రెండొంతులు పోగొట్టుకుంటుంది. అదే 20 కిలోహెర్ట్‌జ్ తరంగమైతే అంత బలం పోవడానికి 1.8 మీటర్లు పడుతుంది. వినాయక నిమజ్జనం రోజు తలుపులు కిటికీలు మూసుకుని కూర్చుంటే డీజేలో పాట వినపడదు గానీ ఆ దడదడ మాత్రం గుండెకు తగులుతూనే ఉంటుంది కదా, దాదాపు అలాంటిదే ఇది. పైన చాలా బలంగా ప్రసారం చేస్తే, కింద పది మీటర్లకు పైగా లోతులో కూడా ఆ సంకేతాన్ని పట్టుకోవచ్చు. జలాంతర్గామి ఇంకా లోతులో ఉంటే, నీటి పైభాగానికి దగ్గరగా తేలే పొడవాటి తీగను వెనకాల ఈడ్చుకుంటూ దానితో వింటుంది.

ఇందులో వేగం మాత్రం ఆశించకూడదు. సెకనుకు కొన్ని వందల బిట్లు, అంతే. ఫోటో కాదు గదా, గొంతు కూడా పంపలేం. చిన్న చిన్న అక్షర సందేశాలు మాత్రమే పోతాయి. పైగా ఇది ఒకవైపు దారి. పడవ వింటుంది, జవాబు చెప్పదు. జవాబు చెబితే ఎక్కడున్నదీ బయటపడుతుంది.

మరి 2,900 ఎకరాలెందుకు? 20 కిలోహెర్ట్‌జ్ తరంగం పొడవు 15 కిలోమీటర్లు. మామూలు లెక్కలో యాంటెన్నా అందులో పావు వంతు ఎత్తు ఉండాలి, అంటే దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తున్న స్తంభం. అది అయ్యే పని కాదు. అందుకే వందల మీటర్ల ఎత్తున్న టవర్లు నిలబెట్టి, పైన వాటి మధ్య తీగలు పరిచి, కింద భూమిలో రాగి తీగల వల పాతి, ఆ తక్కువ ఎత్తుతోనే పని జరిగేలా చేస్తారు. వాటన్నిటికీ జాగా కావాలి, చుట్టూ ఖాళీ కావాలి.

ఇలాంటిది మన దేశంలో ఇప్పటికే ఒకటుంది. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర విజయనారాయణంలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్, 1990 నుంచి పనిచేస్తోంది. దాని సంకేతాన్ని జలాంతర్గాములే కాదు, శాస్త్రవేత్తలూ వింటారు. వీఎల్ఎఫ్ తరంగాలు నేలకూ ఆకాశంలో పైనెక్కడో ఉండే అయనోస్ఫియర్ అనే పొరకూ మధ్య తగులుకుంటూ వేల కిలోమీటర్లు వెళ్తాయి కాబట్టి, దూరాన కూర్చుని ఆ సంకేతంలో హెచ్చుతగ్గులు చూస్తే సూర్యుడి మీద చెలరేగే మంటల ప్రభావం తెలుస్తుంది. కోల్‌కతాలో ఈ పని చేసినవాళ్లు ఉన్నారు. రహస్యం సందేశంలో ఉంటుంది గానీ తరంగంలో ఉండదు, దాన్ని ఎవరైనా పట్టుకోవచ్చు. ఈ విషయం నాకు భలే నచ్చింది.

మా మామ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఈ తరంగానికి సముద్రం పక్కన ఉండాల్సిన పని లేదు. వేల కిలోమీటర్లు వెళ్లేదానికి వికారాబాద్ నుంచి తీరం దాకా ఉన్న దూరం లెక్కే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు యు-బోట్లనే తమ జలాంతర్గాములతో మాట్లాడటానికి కట్టిన గోలియత్ అనే స్టేషన్ తీరాన లేదు, కాల్బే అనే ఊరి దగ్గర భూభాగం లోపల ఉండేది. యుద్ధం అయిపోయాక సోవియట్లు దాన్ని విప్పి తమ దేశానికి పట్టుకుపోయి, ఏ సముద్రానికీ దగ్గర కాని గోర్కీ నగరం దగ్గర మళ్లీ నిలబెట్టారు. అమెరికాకు నార్త్ డకోటాలో ఒకటుంది, అదీ ఖండం నడిమధ్యన. సముద్రానికి దూరంగా ఉండటం ఒక రకంగా మేలు కూడా, తీరం మీదైతే ఓడలో వచ్చి కొట్టేవాడికి అందుతుంది.

మరి దాడి జరిగితే మొదట దీన్నే కొడతారు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన భయమే, లేదని చెప్పను. కదలని స్టేషన్‌కు ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే అమెరికా ఎనిమిది కిలోమీటర్ల తీగను వేలాడేసుకుని తిరిగే విమానాలు కూడా పెట్టుకుంది. బ్రిటన్‌లో ప్రతి కొత్త ప్రధానీ సొంత చేత్తో ఉత్తరాలు రాసి ఒక్కో జలాంతర్గామిలో బీరువాలో పెట్టిస్తాడు. దేశమే లేకుండా పోతే తెరిచి చదవాల్సిన ఉత్తరం అది, ప్రధాని దిగిపోతే చదవకుండానే నాశనం చేసేస్తారు. అందరూ భయపడేది ఒకదానికే, మాట తెగిపోవడానికి. మనకు ఇన్నేళ్లుగా ఉన్నది ఒక్క కట్టబొమ్మన్. అది ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని కొడితే చాలన్న ఆలోచన శత్రువుకు వస్తుంది, రెండుంటే అంత తేలిక కాదు. ఇక హైదరాబాద్ వైపు ఇప్పుడు కొత్తగా గురి పెడతారా అంటే, క్షిపణులు రూపుదిద్దుకునే డీఆర్డీవో ల్యాబులు కంచన్‌బాగ్‌లో దశాబ్దాలుగా ఉన్నాయి.

కాబట్టి నా వరకు ఈ స్టేషన్ కావాలి. జలాంతర్గాములు కట్టుకున్నాక వాటికి వినపడేలా చెయ్యకపోవడం కన్నా బాధ్యత లేని పని ఇంకోటి ఉండదు. ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను.

కానీ దామగుండం వాళ్ల బాధను దేశద్రోహం అన్నవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ అడవిలో మేకలు, పశువులు మేపుకున్నవాళ్లు ఉన్నారు. రామలింగేశ్వరస్వామి గుడి ఉంది, శివరాత్రికి జనం కదిలి వస్తారు. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లోనే, ఈ అడవికి ఆ నీళ్లతో సంబంధం ఉందని పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లు మొదటినుంచీ చెబుతున్నారు. అడవి పోతే ఇంకోచోట మొక్కలు నాటుతామంటే, ఈ కొండ మీద పడ్డ వాన ఆ మొక్కల కింద ఇంకదు. రేడియేషన్ అన్న మాట వినగానే గర్భిణులు, పిల్లల తల్లులు భయపడుతున్నారు, వాళ్లను వెక్కిరించకుండా కూర్చోబెట్టి చెప్పాలి: ఇది ఎక్స్‌రే లాంటిది కాదు, ఒంట్లోని అణువుల్ని విడగొట్టే శక్తి ఈ తరంగానికి లేదు, యాంటెన్నా కిందే బలమైన విద్యుత్ క్షేత్రం ఉంటుంది కాబట్టి కంచె వేసి దూరం పెడతారు, దూరం పోయేకొద్దీ అది తగ్గిపోతుంది. ఇది చెప్పడానికి ఏ రహస్యమూ బయటపెట్టక్కర్లేదు, పదో తరగతి ఫిజిక్స్ తెలిసిన టీచరు చెప్పగలడు.

2027 నాటికి స్టేషన్ సిద్ధమవుతుందని అన్నారు. ఈలోగా నేను కోరుకునేవి కొన్నే. గుడికి దారి తెరిచే ఉండాలి, దానికి ఏ రోజుల్లో ఎలా వెళ్లాలో రాతపూర్వకంగా ఉండాలి. టవర్లకు, తీగలకు అడ్డం రాని చోట చెట్టును ముట్టుకోకూడదు. కంచె వల్ల మేత పోయినవాళ్లకు మేత చూపించాలి. చుట్టుపక్కల ఊళ్లలో బోరుబావుల నీటిమట్టం, కంచె బయట విద్యుత్ క్షేత్రం ఎంతుందీ ప్రసారం మొదలుకాకముందు ఒకసారి, మొదలయ్యాక ప్రతి ఏడూ కొలవాలి. ఆ అంకెలు ఏ వెబ్‌సైట్‌లోనో ఇంగ్లీషులో కాకుండా పూడూరు మండలంలోని ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో ఉండాలి.